ఆ మాట నన్ను గూర్చియే అన్నవారు



గడచిన మిరప కోతల కాలములో పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున ఒక గ్రామ సంఘమును దర్శించితిమి. సాయంకాల కూడికకు ఇంకను పొద్దు ఉన్నందున ఒక విశ్వాసి కుటుంబమువారి కల్లము దగ్గర కూర్చుంటిమి. ఎండిన కాయలను ముందర పోసికొని ఆ యింటి ఆడవారు తాలు ఏరుచుండిరి. మేమును చేయి కలిపితిమి. కొంతసేపటికి ఆ యింటి పెద్దమ్మ తల ఎత్తకుండనే ఇట్లు చెప్పెను.

"అయ్యగారూ, మా చిన్నోడు మూడు నెలల నుంచి గుడికి రావడం లేదు. పక్క ఊళ్ళో ఎవరో ఒకాయన కూటాలు పెడుతున్నాడు. మలాకీ గ్రంథంలో వస్తాడని రాసిన ఏలీయాను నేనే అంటాడంట. పత్తి అమ్మిన డబ్బు మావాడు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. మాకింకా కౌలు కట్టాలి. నేను కేకలేస్తే వాడు ఒకటే మాట అన్నాడు. 'ప్రభువు కూడా నజరేతులో పుస్తకం తీసి ఇది నా గురించే అన్నాడు గదా. నమ్మని వాళ్ళు ఆయన్ని కొండ మీద నుంచి తోయబోయారు. మీరూ ఆ నజరేతు వాళ్ళే' అన్నాడు. నాకు చదువు రాదు. వాడికి నేనేం చెప్పాలి?"

మరికొంతసేపటికి ఆమె ఇంకొక మాట కూడ చెప్పెను. "అక్కడ వాణ్ణి ముందు వరసలో కూచోబెట్టి వాక్యం చదవమంటారంట. మన గుళ్ళో ఒక్కసారి కూడా ఇవ్వలేదు గదయ్యా."

ఆ సాయంకాలము మేము, అట్టివారిని నమ్మవద్దమ్మా, ప్రభువు ముందుగానే హెచ్చరించియున్నాడు అని నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి. దారిలో మాకే తృప్తి కలుగలేదు. ఆ చిన్నవాడు అడిగినది తేలిక ప్రశ్న కాదు. ప్రవక్తల గ్రంథమును చేతబట్టుకొని, ఇది నా సంగతియే అని పలికినవారు బైబిలులో నిజముగా ఉన్నారు. వారిని నమ్మిన మనము ఈయనను ఏ కొలతతో కొలిచి కాదనుచున్నాము? ఆ కొలత కూడ బైబిలులోనే దొరకవలెను. ఈ నెల దానినే మీతో కలిసి వెదకుచున్నాము.

యోహాను చెప్పిన మూడు 'కాదు'లు

ఏలీయా పేరు వచ్చినది గనుక అక్కడనే మొదలుపెట్టుదము. పాత నిబంధన చివరి అధ్యాయమైన మలాకీ 4లో, ప్రభువు దినమునకు ముందు ఏలీయా పంపబడునని ఉన్నది. ఆ మాట పట్టుకొని యూదులు తరతరములుగా ఎదురుచూచిరి. ఒంటె రోమముల వస్త్రముతో, తోలు దట్టితో యోహాను అరణ్యములో కనబడగానే, ఇతడే ఏలీయా కాబోలునని జనులు తలంచుటలో వింత లేదు. 2 రాజులు 1:8లో ఏలీయాను ఆనవాలు పట్టినది కూడ ఆ తోలు దట్టిని బట్టియే.

యెరూషలేము నుండి యాజకులును లేవీయులును వచ్చి యోహానును నిలదీసిరి (యోహాను 1:19-23). నీవు క్రీస్తువా? కాదు. ఏలీయావా? కాదు. రావలసిన ఆ ప్రవక్తవా? కాదు. మరి నీవెవరవని పట్టుబట్టిన తరువాతనే, యెషయా 40లో అడవిలో వినబడు ఒక స్వరము ఉన్నదే, అంతమాత్రమే నేను అని చెప్పెను. చూడుడి, అతడు కూడ ప్రవచనమును తనకు అన్వయించుకొనెను. అయితే ఎంత చిన్న చోటును ఎన్నుకొనెను! స్వరమునకు ముఖము లేదు, ఆసనము లేదు. వినినవారు దారి చక్కచేసికొనిన తరువాత దాని పని ముగియును.

ఇక్కడ మనము సాధారణముగా గమనింపని సంగతి ఒకటి కలదు. మీరు అంగీకరింపగోరినయెడల రావలసిన ఏలీయా యోహానే అని ప్రభువు తరువాత జనులతో చెప్పెను (మత్తయి 11:14). అనగా యోహాను వద్దనిన బిరుదును ప్రభువు అతనికిచ్చెను. అది కూడ యోహాను వినుచుండగా కాదు. అప్పుడతడు హేరోదు చెరసాలలో ఉన్నాడు. మలాకీ చెప్పిన ఏలీయా నేనే అని యోహాను నోటినుండి ఒక్క మాటయు రాలేదు. అతనికే రాని మాట మన పక్క ఊరి పందిరి క్రింద వినబడుచున్నదనిన, మొదట అక్కడనే మనకు అనుమానము కలుగవలెను.

నజరేతులో ఏమి జరిగినది?

ఇప్పుడు ఆ చిన్నవాడు పట్టుకొనిన నజరేతు సంగతికి వత్తము (లూకా 4:16-30). అతడు చెప్పినది నిజమే. ప్రభువు తాను పెరిగిన ఊరి సమాజమందిరములో యెషయా 61 చదివి, గ్రంథము చుట్టి, పరిచారకునికి ఇచ్చి, కూర్చుండి, మీరు వినుచుండగానే ఇది ఈ దినమున నెరవేరినదని చెప్పెను. ఇంత సూటిగా పలికినవాడు వేరొకడు లేడు.

అయితే ఆయన ఎన్నుకొనిన మాట ఎట్టిదో చూతము. రాజు సింహాసనమును గూర్చిన మాటలు ప్రవక్తల గ్రంథములలో ఎన్నియో కలవు. వాటిని విడిచి, బీదలకు మంచి వార్త, చెరలోనివారికి విడుదల, గ్రుడ్డివారికి చూపు, నలిగినవారికి విముక్తి అను మాటలను తీసికొనెను. అదియు పూర్తిగా చదువలేదు. యెషయా వాక్యములో తరువాత ప్రతిదండన దినము అను మాట ఉన్నది. దానిని చదువక ముందే గ్రంథము చుట్టెను. ఆ నెరవేర్పు వలన మేలు పొందినవారు ఎవరు? చదివినవాడు కాదు. చదివినవానికి కలిగినది పని, ఆ పని చివర సిలువ.

అప్పటికి నజరేతువారికి కోపము లేదు. వారందరు ఆయన దయగల మాటలకు ఆశ్చర్యపడిరని లూకా వ్రాయుచున్నాడు. కోపము వచ్చినది తరువాత. ఏలీయా కాలపు కరవులో ఇశ్రాయేలులో విధవరాండ్రు అనేకులుండగా, అతడు పంపబడినది సీదోను దేశపు సారెపతు ఊరి విధవరాలి యింటికి అనెను. ఎలీషా కాలములో కుష్ఠరోగులు అనేకులుండగా, బాగుపడినది సిరియావాడైన నయమాను అనెను. అప్పుడు వారు మండిపడి ఆయనను కొండకొమ్మునకు తీసికొని పోయిరి. మన ఊరివాడు ప్రవచనము నెరవేర్చినాడనిన వారికి సంతోషమే. ఆ నెరవేర్పులో పరాయివానికి కూడ పాలు ఉన్నదనినప్పుడే వారు ఓర్వలేకపోయిరి.

కాబట్టి ఆ చిన్నవానికి మేమిప్పుడు చెప్పగల మాట ఇది. అబ్బాయీ, కొండమీదనుండి తోయబోయినవారిని చూచి జాగ్రత్తపడుము, మంచిదే. అయితే వారు ఎందుకు తోయబోయిరో కూడ చదువుము. తలుపు అందరికి తెరచినందుకు. నీవు వెళ్ళుచున్న కూటములో తలుపు తెరవబడుచున్నదా, లేక తల్లికి కూడ మూయబడుచున్నదా?

మేము అనినవారు

నేను అని కాక, మేము అని ప్రవచనమును పట్టుకొనినవారు కూడ ఉన్నారు. పెంతెకొస్తు దినమున పేతురు లేచి, యోవేలు చెప్పిన సంగతి ఇదియే అనెను (అపొ. కా. 2). కాని యోవేలు చెప్పినది పేతురు ఒక్కనిని గూర్చి కాదు. కుమారులు, కుమార్తెలు, ముసలివారు, యౌవనస్థులు, చివరకు దాసులు, దాసురాండ్రు. ఆత్మ కుమ్మరింపు కూలిపనివాని వరకు, పనిమనిషి వరకు దిగివచ్చునని ఆ మాటకు అర్థము. ఎవరైనను లేచి ఆత్మ నా మీద మాత్రమే ఉన్నదనినయెడల అతడు యోవేలు మాటను నెరవేర్చుటలేదు, దానికి అడ్డుపడుచున్నాడు.

పిసిదియలోని అంతియొకయలో పౌలును బర్నబాయు, అన్యజనులకు వెలుగుగా ఉండవలెనని యెషయా 49లో ఉన్న మాట ప్రభువు మాకిచ్చిన ఆజ్ఞ అనిరి (అపొ. కా. 13:47). ఎంత పెద్ద మాట! కాని దానిని బిరుదుగా కాదు, ఆజ్ఞగా తీసికొనిరి. ఒక అధ్యాయము తిరుగగానే పౌలు లుస్త్రలో రాళ్ళ దెబ్బలు తిని, చనిపోయినాడని ఊరి వెలుపలికి ఈడ్వబడెను. సంవత్సరముల తరువాత ఎఫెసు పెద్దలతో మాటలాడునప్పుడు, ఎవరి వెండియు బంగారమును ఆశింపలేదనియు, తన అవసరతలకును తన తోటివారి అవసరతలకును ఈ చేతులే కష్టపడినవనియు చెప్పగలిగెను (అపొ. కా. 20:33-34). పత్తి డబ్బు పోగొట్టుకొనిన కుటుంబము ఆ రెండు వచనములను ఒకటికి రెండుసార్లు చదువవలెను.

వెల ఎవరు చెల్లించిరి?

ఇక రెండవ వైపు చూతము. నేను గొప్పవాడనని చెప్పుకొనిన థూదా వెంట 400 మంది పోయిరనియు, గలిలయుడైన యూదా వెంట జనులు తిరిగిరనియు, ఇద్దరును నశించి వారి జనము చెదరిపోయెననియు గమలీయేలు సభలో చెప్పెను (అపొ. కా. 5:36-37). ఆ శతాబ్దపు యూదుల చరిత్రకారుడు జోసీఫస్ కూడ ఇట్టివారిని గూర్చి వ్రాసియున్నాడు. ఫాదు అను అధిపతి కాలములో, అనగా క్రీ.శ. 44కు తరువాత, థూదా అను ఒకడు జనులను తమ సామానంతయు మోసికొని రమ్మని, యెహోషువ దినములలో వలె యొర్దాను పాయలగునని చెప్పి నది దగ్గరకు నడిపించెను. నది పాయలు కాలేదు. రోమా గుఱ్ఱపు దండు వచ్చి అనేకులను చంపెను, అతని తల నరికెను.

మరి కొన్ని సంవత్సరములకు ఐగుప్తు నుండి వచ్చిన ఒకడు ఒలీవల కొండమీద జనులను కూర్చి, నా మాటకు యెరికో గోడలవలె యెరూషలేము గోడలు కూలునని చెప్పెను. పౌలును పట్టుకొనిన సహస్రాధిపతి నీవు ఆ ఐగుప్తీయుడవా అని అడిగినది ఇతనిని గూర్చియే (అపొ. కా. 21:38). ఫేలిక్సు సైన్యము మీదపడినప్పుడు 400 మంది చచ్చిరనియు, 200 మంది పట్టుబడిరనియు, ఆ ఐగుప్తీయుడు మాత్రము తప్పించుకొని కనబడకుండ పోయెననియు జోసీఫస్ వ్రాసెను.

ప్రియులారా, ఈ మాట దగ్గర ఆగవలెను. నమ్మినవారు చచ్చిరి, నమ్మించినవాడు తప్పించుకొనెను. గెత్సేమనే తోట కూడ ఆ ఒలీవల కొండ మీదనే కలదు. అక్కడ సైనికులు వచ్చినప్పుడు మన ప్రభువు ఏమనెను? మీరు వెదకువాడను నేనే, వీరిని పోనియ్యుడి అనెను (యోహాను 18:8). శిష్యులు తప్పించుకొనిరి, ప్రభువు పట్టుబడెను. ఒకే కొండ, రెండు విధముల 'నేనే'. ఏది ప్రవచన నెరవేర్పో చెప్పుటకు పెద్ద చదువు అవసరము లేదు. వెల ఎవరు చెల్లించిరో చూచిన చాలును.

మన నేలమీద

ఇది దూరదేశపు సంగతి అనుకొనవద్దు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండమీదికి అయిదుగురు ఎక్కిరి. జూయెట్ దొరగారు, వారి సతీమణి, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అప్పటికి ఒంగోలులో మిషను లేదు. అక్కడ వారు చదివినది, సువార్త తెచ్చువాని పాదములు కొండలమీద ఎంత అందమైనవో చెప్పు యెషయా 52లోని మాట. వారు ఆ పాదములు మావే అని చెప్పుకొనలేదు. ఆ పాదములను పంపుమని మోకరించి అడిగిరి. ఆ కొండకు ప్రేయర్ మీటింగ్ హిల్ అను పేరు నిలిచినది.

క్లౌ దొరగారు ఒంగోలు వచ్చినది 1866లో, అనగా 12 సంవత్సరములకు. అందమైన ఆ పాదములు ఒక్క దొరగారివే కావు. మొదట బాప్తిస్మము పొందినవారిలో యర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులస్థుడు. అంతకుముందు యోగి గురువుల యొద్ద సత్యమును వెదకినవాడు. ఆయనయు ఆయనవంటివారును పల్లె పల్లెకు నడిచి వార్త చెప్పిరి. ఊరికంతటికి చెప్పులు కుట్టి, తాము మాత్రము వాటిని విడిచి ఊరిలో నడువవలసిన జనము. యెషయా చెప్పిన పాదములు ఈ నేలమీద ఆ పాదములైనవి.

1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొనినవారికి పని ఇచ్చెను. వేలమంది బాప్తిస్మము ఇమ్మని అడిగిరి. కరవు సహాయము సాగినంత కాలము ఆయన ఇయ్యలేదు. కూటికొరకు వచ్చినారను మాట వారిమీద పడకూడదని ఆపెను. సహాయము ఆగిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. జనుల అక్కరను తన లాభమునకు వాడుకొనని పరిచర్య అది. ఇదియు ఒక కొలతయే.

చేబ్రోలు దగ్గర వినబడిన మాట

ఈ నల్లరేగడి నేలమీదనే ఇంకొక మాట కూడ వినబడినది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో కొన్ని మాదిగ కుటుంబములవారు, మేము ఎఫ్రాయిము గోత్రికులము, అష్షూరు చెరతో చెదరిపోయిన ఇశ్రాయేలు సంతతివారము అని చెప్పుచు, 1980ల చివరి నుండి బహిరంగముగా యూదుల ఆచారమును చేపట్టిరి. బెనె ఎఫ్రాయిము అని వారికి పేరు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను అన్నదమ్ములు వారికి నాయకులైరి. అక్కడ సమాజమందిరము వెలిసినది, శనివారము విశ్రాంతిదినమైనది, పిల్లలు హెబ్రీ అక్షరములు నేర్చుకొనిరి. వారిలో పెక్కుమంది క్రైస్తవ సంఘములనుండి వెళ్ళినవారు. యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వారిని గూర్చి 2013లో ఒక గ్రంథమే ప్రచురించిరి.

చెదరిన ఎఫ్రాయిము తిరిగివచ్చునని యిర్మీయా 31, యెహెజ్కేలు 37 చెప్పుచున్నవి. ఆ మాట మాలో నెరవేరుచున్నదని ఒక జనము అనుకొనుట, నాకు డబ్బు ఇయ్యుడి, నేనే ఏలీయాను అనుట వంటిది కాదు. రెంటిని ఒక గాటికి కట్టకూడదు. వారిని నవ్వులపాలు చేయుట మనకు తగదు. వారి వంశావళిని తేల్చుట మన పని కాదు. అయితే వారిని తలంచినప్పుడెల్ల హోషేయ గ్రంథము మమ్మును కలవరపెట్టుచున్నది.

హోషేయ తన మూడవ బిడ్డకు, మీరు నా జనులు కారు అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ చేదు మాట మొదట చెప్పబడినది ఉత్తర రాజ్యమునకు. హోషేయ ఆ రాజ్యమును పిలుచు పేరు ఎఫ్రాయిము. తరువాత అదే గ్రంథములో, జనులు కానివారు జనులగుదురను వాగ్దానము ఉన్నది. పౌలు రోమా 9లోను, పేతురు తన మొదటి పత్రిక 2:10లోను ఆ వాగ్దానమును క్రీస్తునందలి అన్యజనులకు, అనగా మనకు, అన్వయించిరి. కాబట్టి గుంటూరు సీమలో ఒకే వాగ్దానమును ఇద్దరు పట్టుకొనియున్నాము. ఎఫ్రాయిము మేము అని వారు. జనులు కాని మేము ఇప్పుడు దేవుని జనమైతిమి అని మనము.

అట్లయిన మనలో అది నెరవేరినదా? జనము కానివారముగా ఊరి వెలుపల ఉండినవారికి, నీవు దేవుని జనమని మన సంఘము చెప్పినది. చెప్పి, ఆ తరువాత ఏమి చేసినది? పెండ్లి సంబంధము అనగానే మనము మొదట అడుగు మాట ఏది? ఒకే పల్లెలో రెండు గుడులు ఎందుకున్నవి? బల్ల దగ్గర ఎవరి తరువాత ఎవరు? సంఘ కమిటీలో కొన్ని ఇండ్ల పేర్లు తప్ప వేరు పేర్లు ఎందుకు వినబడవు? ఈ ప్రశ్నలకు మనము జవాబు చెప్పవలసినంత కాలము, వేరొకచోట గౌరవము వెదకికొనినవారిమీద రాయి వేయుటకు మన చేయి లేవకూడదు.

మరల కల్లము దగ్గర

పెద్దమ్మ చివర చెప్పిన మాట ఇప్పుడు మాకు అర్థమైనది. ఆ చిన్నవాడు ఏలీయాను వెదకుచు పోలేదేమో. తన పేరు పిలిచి ముందు వరసలో కూర్చుండబెట్టువారిని వెదకుచు పోయెను. ఆ చోటు మనమే ఖాళీగా ఉంచితిమి.

కాయ ఎండిన తరువాతనే తాలు తెలియును. చెట్టుమీద పచ్చిగా ఉన్నప్పుడు అన్నియు ఒకేరీతిగా కనబడును. అట్లే ప్రవచనము నాలో నెరవేరినదను మాట కూడ వినినవెంటనే తెలియదు, ఎండ తగులనియ్యవలెను. అందుకు నాలుగు ప్రశ్నలు వ్రాసికొనుడి. చదువురానివారు నోటికి నేర్చుకొనుడి.

మొదటిది, అతని వ్రేలు ఎవరివైపు చూపుచున్నది? యోహాను వ్రేలు గొఱ్ఱెపిల్లవైపు చూపినది. రెండవది, వెల ఎవరు చెల్లించుచున్నారు, చెప్పువాడా, వినువాడా? మూడవది, తలుపు ఎవరికి తెరవబడుచున్నది? సారెపతు విధవరాలికి చోటు ఉన్నదా? నాలుగవది, ప్రశ్న అడుగనిచ్చుచున్నాడా? చెరసాలనుండి యోహాను, రావలసినవాడవు నీవేనా అని అనుమానముతో వర్తమానము పంపినప్పుడు ప్రభువు కోపగించుకొనలేదు. గ్రుడ్డివారు చూచుచున్నారు, కుంటివారు నడుచుచున్నారు, బీదలకు సువార్త చెప్పబడుచున్నది, పోయి చూచినది చెప్పుడి అనెను. క్రియలను చూపి, తీర్పు యోహానుకే విడిచెను. ప్రశ్న అడిగినవానిని శపించువాడు ఆయన పంపినవాడు కాడు.

కుటుంబములవారికి మరి రెండు మాటలు. పంట డబ్బు ఇంటివారందరు కూర్చుండి మాటలాడుకొనకుండ ఎవరి చేతిలోను పెట్టకూడదు. కౌలు, అప్పు, పిల్లల చదువు ముందు లెక్క చూచికొని, మిగిలినదానిలో కానుక ఇయ్యుడి. అది మన సంఘమునకైనను సరే, మాకైనను సరే. రెండవది, తప్పిపోయిన బిడ్డకు తలుపు గడియ పెట్టకుడి. అన్నము పళ్ళెము వాని చోటున ఉంచుడి. వాదనతో ఓడిపోయి ఇంటికి వచ్చినవారిని మేము ఎక్కువగా చూడలేదు.

గత నెల మేము మరల ఆ గ్రామమునకు వెళ్ళితిమి. కాయలు టిక్కీలకెత్తి యార్డుకు పంపియున్నారు, కల్లము ఖాళీగా ఉన్నది. చిన్నవాడు ఇంటియొద్దనే కనబడెను. మేము ఏలీయా మాట ఎత్తలేదు. ఆదివారపు ఆరాధనలో లూకా 4వ అధ్యాయము నీవు చదువవలెనని సంఘ కాపరిగారు కోరుచున్నారని చెప్పితిమి. కాపరిగారితో ముందుగానే మాటలాడి, ఇంతకాలము అతనిని పిలువనందుకు ఆయనయు మేమును కలిసి బాధపడితిమి. చిన్నవాడు వెంటనే ఒప్పుకొనలేదు. "మొత్తం చదవమంటారా, సగమా?" అని అడిగెను. "మొత్తము చదువుము నాయనా, కొండకొమ్ము వరకు" అని చెప్పితిమి.

ఆ ఆదివారము అతడు రాలేదు. తరువాతి ఆదివారమును రాలేదు. వాక్యపీఠముమీద ఆ పుట ఇంకను తెరచియున్నదని కాపరిగారు వ్రాసిరి. ఆ తల్లి కొరకు, ఆ చిన్నవాని కొరకు, మీ ఊరిలో వెనుక వరసలో కూర్చుండి ఇంతవరకు ఎవరును పేరు పెట్టి పిలువని వాని కొరకు ఈ నెల కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి. ప్రార్థించి ఊరకుండక, వచ్చే ఆదివారము అతనిని పేరు పెట్టి పిలువుడి.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక. ఆమేన్.